ఆట తడబడుట యేల? – ఇంటి యింటర్నెట్టును గూర్చి గృహిణులకు కొన్ని మాటలు



మన గోదావరి సీమలో నిపుడు పట్టణములందే గాక పల్లెలందును సాయంకాలమైన తోడనే కొన్ని యిండ్లనుండి యొక మొఱ వినవచ్చుచుండును. "అమ్మా! నెట్టు ఆగిపోయింది! ఓడిపోయాను!" టెలివిజనుకు ప్లేస్టేషను, ఎక్స్‌బాక్సు మున్నగు ఆటయంత్రమును తగిలించుకొని, ఎక్కడనో ఢిల్లీలోనో సింగపూరులోనో నున్న తోడి పిల్లలతో బంతియాటయో బండ్లపందెమో యాడుచున్న పిల్లవాని మొఱ యిది. పిదప జరుగునది మనకందఱకు దెలిసినదే. పిల్లవాడు కంపెనీవారిని దూషించును. తండ్రి పిల్లవానిని దూషించును. అత్తగారు ఆ యంత్రమును నూతిలో పాఱవేయుమందురు. తుదకు నెలకు మఱి కొన్ని వందలు హెచ్చు పెట్టి పెద్ద ప్లాను తీసికొనుటతో కలహము ముగియును. మఱునాటి సాయంకాలము మరల నా మొఱయే వినబడును.

పెద్ద ప్లాను కొన్నను ఆట బాగుపడకుండుట కేమి కారణము? ఇది తెలిసిన గృహిణి తన యింటి డబ్బును, ఇంటి శాంతిని గూడ కాపాడుకొనగలదు. తెలియనిచో ఎవరేమి చెప్పినను తల యూపవలసినదే. ఈ విద్య మగవారిదనియు, మనకు కొఱగానిదనియు పలువు రనుకొనుచున్నారు. మేమట్లు తలంపము. ఏ వేడిమియందు పాలకు తోడు పెట్టవలయునో యెఱిగినవారికి ఇది యేమంత గహనమైన శాస్త్రము కాదు. ఓర్పుతో చూచి, వ్రాసికొని, పోల్చి తెలిసికొనవలసినది మాత్రమే.

కాలువ వెడల్పు – నీరు చేరు వేళ

మనము డెల్టావారము. 1852వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైననాటినుండి మన బ్రదుకులు కాలువలతో ముడిపడి యున్నవి. కావున కాలువనే యుదాహరణముగా గైకొందము. కాలువ వెడల్పైనచో గంటకు హెచ్చు నీరు పాఱును. కాని ధవళేశ్వరము తూములవద్ద విడిచిన నీరు శివారు పొలమునకు చేరుటకు పట్టు కాలము వేఱు సంగతి. కంపెనీవారు మనకమ్మునది వెడల్పు. "సెకనుకు 100 మెగాబిట్లు" అనగా నదియే. ఆటకు ముఖ్యముగా కావలసినది నీరు చేరు వేళ.

పిల్లవాడు మీట నొక్కినప్పుడెల్ల ఒక చిన్న చీటివంటిది యింటినుండి బయలుదేఱి, ఆటను నడపుచున్న దూరపు యంత్రమునకు పోయి, జవాబు తెచ్చును. ఈ పోయివచ్చు కాలమునకు పింగు అని పేరు. దీనిని మిల్లీసెకనులలో, అనగా సెకనునందలి వెయ్యవ వంతులలో లెక్కింతురు. ఇది 50కి లోబడి యున్నచో ఆట హాయిగా సాగును. 100 దాటినచో వేగిరపు ఆటలలో తేడా తెలియును.

దూరముచే గలుగు నాలస్యమును ఎవ్వరును పోగొట్టజాలరు. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. రాజమహేంద్రవరమునుండి చెన్నపట్టణము రైలుదారిని సుమారు 580 కిలోమీటర్లు. అంత దూరము పోయివచ్చుటకు ఇంచుమించు 6 మిల్లీసెకనులు పట్టును. చెన్నపట్టణమునుండి సింగపూరు సుమారు 2,900 కిలోమీటర్లు. దానికి మఱి 29. దారిలోని యంత్రములు చేయు నాలస్యము దీనికి పైమాట. ఎన్ని వందలు హెచ్చుగా చెల్లించినను సింగపూరు మనకు దగ్గఱకు రాదు. కావున ఆటలో ప్రాంతము నెన్నుకొను సదుపాయ మున్నచో, భారతదేశమునందలి యంత్రమునే యెన్నుకొనుట మేలు.

పింగు కొంచెము హెచ్చుగా నుండుటకంటె నిలుకడ లేకుండుట చెడ్డది. నరసాపురము రేవునుండి సఖినేటిపల్లికి దాటించు పంటు దినదినము అరగంట యాలస్యముగా వచ్చినచో మనమును అరగంట నిదానించి బయలుదేఱుదుము. ఒకనాడు వేళకును, ఒకనాడు గంటకును వచ్చినచో ఏ పనియు కుదురదు. ఈ నిలుకడలేమికి జిట్టరు అని పేరు. చీటీలు దారిలో తప్పిపోవుట మఱియొక దోషము. నూటికి రెండు మూడు తప్పినను తెరమీది బొమ్మలు గెంతులు వేయును.

మఱి వెడల్పు దేనికనగా, క్రొత్త ఆటను దింపుకొనుటకు. ఆడుచున్నప్పుడు సెకనుకు రెండు మూడు మెగాబిట్లు సామాన్యముగా చాలును. కాని 100 గిగాబైట్ల ఆట నొకదానిని దింపుకొనవలయునన్నచో, 30 మెగాబిట్ల ప్లానునందు ఏడుగంటలకు పైగా పట్టును. 100 మెగాబిట్ల ప్లానునందు రెండుంబావు గంటలు చాలును. ఆ పని రాత్రి మనము నిదురించు వేళ చేయించుకొనవచ్చును. యంత్రమును పూర్తిగా నార్పక విశ్రాంతి స్థితియందుంచినచో తనంతట తానే దింపుకొను ఏర్పాటు ప్లేస్టేషనునందును ఎక్స్‌బాక్సునందును గలదు. అట్లు చేసికొన్నచో పెద్ద ప్లానుతో మనకు పని యుండదు.

ఓడినది బుద్ధి కాదు, తీగ

"పిల్లల యాట చెడినంతమాత్రమున నేమి మునిగినది?" అని కొంద ఱడుగవచ్చును. 2020వ సంవత్సరమున కోవిడు కారణముగా ప్రపంచ చదరంగ సమాఖ్యవారు తమ ఒలింపియాడును తొలిసారి యింటర్నెట్టుమీద నడిపిరి. మన జట్టులో గుడివాడలో పుట్టిన కోనేరు హంపియు, గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారికయు నుండిరి. ఆగష్టు 30వ తేదీని రష్యాతో ఫైనలు జరుగుచుండగా, మన జట్టులోని నిహాల్ సరీను, దివ్యా దేశ్‌ముఖు అను నిరువురకును సంబంధము తెగిపోయి, గడియారము నడచిపోవుటచే ఓడినట్లు లెక్కకు వచ్చెను. ఆనాడు ప్రపంచమున పలుచోట్ల ఇంటర్నెట్టు చెడినది. మనవారు విన్నవించుకొనగా, సమాఖ్యవారు రెండు దేశములను జేతలుగా ప్రకటించిరి. ఆ దివ్యయే 2025 జూలైలో మహిళల ప్రపంచకప్పు ఫైనలునందు హంపిని గెలిచినది.

అంతటి సభలోనే తీగ తెగినప్పుడు బుద్ధిబలము నిరుపయోగ మయ్యెను. ఆనాటి దోషము ఆటగాండ్ర యింటిది కాదు గనుక వారు చేయగలిగిన దేమియు లేదు. మన యిండ్లలో మేము చూచినంతవఱకు దోషము తఱచుగా గడపకు లోపలనే యుండును. లోపలిది మన చేతిలోనిది. "ఇంట గెలిచి రచ్చ గెలువు" మన్న సామెత ఈ విషయమున అక్షరాల చెల్లును. ఆ తీగమీదనే యాడపిల్ల పాఠము వినవలయును. ఆ తీగమీదనే కోడలు ఇంటినుండి యుద్యోగము చేయవలయును. ఆట తడబడుచున్నదన్నచో పాఠమును, ఉద్యోగమును గూడ తడబడుచున్నవనుటయే.

పల్లెకు వచ్చిన గాజు తీగ

మన ప్రాంతమున ఈ గాజు తీగ పల్లెలకు వచ్చి యెన్నియో యేండ్లు కాలేదు. జీడిపప్పునకు పేరుపొందిన కోనసీమ గ్రామము మోరి. సఖినేటిపల్లి మండలమునందలి ఆ యూర, 2016 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వమువారి ఫైబరు పథకము తొలుత నారంభమయ్యెను. 2017 డిసెంబరు 27వ తేదీని రాష్ట్రపతి రామనాథ కోవిందుగారు ఆ పథకమును రాష్ట్రమంతటికిని ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల యింటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఇత్తుమని ఆనాడు ప్రకటించిరి. భూమిని త్రవ్వి తీగ వేయుటకు వ్యయమును కాలమును హెచ్చగుటచే, ఉన్న విద్యుత్తు స్తంభములమీదుగనే తీగను లాగిరి. తరువాత పలు ప్రైవేటు కంపెనీల తీగలును వచ్చినవి.

ఈ చరిత్రము మన ఇంటి సంగతికి సంబంధించినదే. తీగ స్తంభములమీద నున్నది గనుక కొబ్బరిమట్ట పడినను, తుపానుగాలి వీచినను దానికి దెబ్బ తగులును. మఱియు ఒక గాజు తీగను పేటలోని యొక పెట్టెయందు చీల్చి 16, 32, లేక 64 యిండ్లకు పంచుదురు. రాత్రి యెనిమిది గంటలకు అందఱును సినిమాలు చూచుచున్నప్పుడు, శివారు రైతుకు నీరు తగ్గినట్లు, కొన్ని యిండ్లకు తగ్గుటయు గలదు.

మొదట కొలత – పిదప మరమ్మతు

పాలవాని లెక్క వ్రాసికొను పుస్తకమున నాలుగు పుటలు దీనికి కేటాయింపుడు. తెల్లవాఱుజామున, మధ్యాహ్నమున, రాత్రి యెనిమిది గంటలకు, దినమునకు మూడుసారులు వారము దినములు కొలిచి వ్రాయవలయును. ఎక్స్‌బాక్సు సెట్టింగులలో పింగును, తప్పిపోయిన చీటీల లెక్కయు చూపు పరీక్ష కలదు. ప్లేస్టేషనునందు వేగము చూపు పరీక్ష కలదు. పలు ఆటలు పింగును తెరమీదనే చూపును. ఫోనులోని వేగపరీక్షయు పనికివచ్చును.

ప్రతిసారియు రెండువిధముల కొలువవలయును. ఒకటి, ఆటయంత్రమును యథాప్రకారము వైఫైతో నుంచి. రెండు, రౌటరునకు తీగతో తగిలించి. తీగతో బాగుగానుండి వైఫైతో చెడినచో దోషము మన యింటిలోనిది. తీగతో కొలిచినప్పుడు తెల్లవాఱుజామున బాగుండి, రాత్రి ఇంటిలో నెవ్వరును వాడకున్నను చెడినచో దోషము వెలుపలిది. ఇంటివారు వాడుచున్నప్పుడు మాత్రమే చెడినచో పంపకము సరిగా లేదని యర్థము. ఈ మూడు ముక్కలు తెలిసినచో సగము వైద్యము జరిగినట్లే.

ఇంటిలో చేయవలసిన పనులు

అన్నిటికంటె ఉత్తమమైన మందు తీగ. రౌటరునుండి ఆటయంత్రమునకు లాను కేబులు, కాట్ 5ఇ గాని కాట్ 6 గాని, వేయింపుడు. వంద మీటర్లవఱకు వేసికొనవచ్చును గనుక ఎంత పెద్ద యింటికైనను చాలును. తలుపు సందున నలుగకుండ గోడ అంచున మేకులతో బిగించినచో చూపునకును అసహ్యముగా నుండదు. దీని కగు వ్యయము ఒక్కసారిది. పెద్ద ప్లాను వ్యయము నెలనెలది. మేమెఱిగిన నాలుగైదు కుటుంబములలో ఈ యొక్క పనితోడనే పిల్లల మొఱ నిలిచిపోయినది.

తీగ వేయుటకు వీలులేనిచో రౌటరు నుంచు చోటు మార్పుడు. మన పాత మండువా లోగిళ్ల గోడలు మిక్కిలి మందమైనవి. క్రొత్త మేడలయందు కాంక్రీటులో ఇనుప చువ్వ లుండును. తీగ వీధివైపునుండి వచ్చినదని రౌటరును వీధిగదిలో, బీరువా వెనుక, నేలమీద పెట్టుట పలుచోట్ల చూచితిమి. ఇనుప బీరువా వైఫై తరంగములకు గోడకంటె గట్టి యడ్డు. నీరు వానిని పీల్చును గనుక చేపల తొట్టి ప్రక్కను ఉంచరాదు. ఇంటికి నడుమ, ఎత్తయిన బల్లమీద, తెఱపిగా నుంచవలయును.

వైఫైలో 2.4 అనియు, 5 అనియు రెండు దారు లుండును. మొదటిది దూరము పోవును, గోడలు దాటును. కాని ఇరుగుపొరుగువారి రౌటర్లన్నియు దానిమీదనే రొదచేయుచుండును. మైక్రోవేవు పొయ్యియు దానిమీదనే పనిచేయును. రెండవది దూరము పోజాలదు గాని రొద తక్కువ, వేగ మెక్కువ. ఆటయంత్రము రౌటరున్న గదిలోనో ప్రక్క గదిలోనో యున్నచో దానిని 5 దారిని పెట్టవలయును.

ఇక పంపకము. దాళ్వా పంటకు నీరు చాలని యేడు కాలువనీటిని వంతులవారీగా నిత్తురుగదా. ఇంటిలోను అట్టి వంతులు కావలయును. ఫోనులు ఛాయాచిత్రములను తమంతట తామే వెలుపలికి పంపుకొనుచున్న వేళ రౌటరునందు పెద్ద వరుస నిలుచును; పిల్లవాని చిన్న చీటి ఆ వరుస చివర పడును. పింగు 30 నుండి 300కు పెరుగుటకు తఱచుగా ఇదియే కారణము. ఫోనులు పంపు పనిని రాత్రివేళకు మార్చుట మొదటి యుపాయము. కొన్ని రౌటర్లయందు క్యూ.ఓ.ఎస్. అను నేర్పాటుండును. దానియందు మనకు నిజముగా వచ్చు వేగములో నూటికి 85 గాని 90 గాని హద్దుగా పెట్టి, ఆటకును పాఠమునకును ముందు వంతు నీయవచ్చును. మొత్తము వేగము కొంచెము తగ్గును; నిలుకడ మిక్కిలి పెరుగును. పెండ్లిపందిటిలో వడ్డనకు వరుస పెట్టినట్లు, అందఱకును అందును.

ఒక్కొక్కప్పుడు పింగు బాగుగనే యుండును గాని, స్నేహితులతో కలిసి యాడబోగా తలుపు తెఱువబడదు, మాట వినబడదు. యంత్రమున నాట్ అనుదాని యెదుట "స్ట్రిక్టు" అనియో "టైపు 3" అనియో కనబడును. పెద్ద సత్రమునకు ఒక్కటే నంబరున్నచో, లోపలివారు జాబు వ్రాయగా జవాబు వచ్చును గాని, వెలుపలివారు తమంతట వచ్చి ఫలాని గది యని కనుగొనలేరు. చాలమంది కంపెనీవారు పెక్కిండ్లకు ఒకే చిరునామాను వాడుటచే ఇట్లగును. రౌటరునందు యూపీఎన్‌పీ అనుదానిని తెఱచి చూడవలయును. కంపెనీవారి పెట్టెకు తోడు మన రౌటరునుగూడ వేసికొన్నచో, రెంటిలో నొకటియే యీ కాపలాపని చేయునట్లు చూడవలయును. అప్పటికిని కుదురనిచో కంపెనీవారిని వేఱు చిరునామా నిమ్మని యడుగవలయును. దానికి కొందఱు కొంత రుసుము పుచ్చుకొందురు.

కరెంటు, పిడుగు, ఎఱ్ఱదీపము

రెప్పపాటు కరెంటు పోయినను రౌటరు ఆరి, మరల తెలివి తెచ్చుకొనుటకు కొన్ని నిమిషములు పట్టును. అంతలో ఆట ముగిసిపోవును. రౌటరునకు కావలసినది సామాన్యముగా 12 వోల్టులే గనుక, దానికై ప్రత్యేకముగ నమ్ము చిన్న యూపీఎస్‌ను తెచ్చి పెట్టినచో చాలును. ఉఱుములు మెఱుపులు వచ్చునప్పుడు రౌటరు, ఆటయంత్రము రెంటి ప్లగ్గులను గోడనుండి లాగివేయవలయును. గాజు తీగ విద్యుత్తును తేదు గాని గోడనుండి వచ్చు కరెంటు తీగ తెచ్చును.

రౌటరు లేదా దానితోడి పెట్టెపై లాస్ అనుచోట ఎఱ్ఱదీపము వెలిగినచో వెలుతురు ఇంటివఱకు రాలేదని యర్థము. అప్పుడు పదిమార్లు ఆర్పి వెలిగించినను ఫలము లేదు. తీగ యెక్కడనో తెగినది, లేదా నలిగినది. పసుపుపచ్చని సన్న తీగను మేకునకు చుట్టుట, మడచి తలుపు సందున దూర్చుట కూడదు. గాజునరము మడతపడినచో వెలుతురు కాఱిపోవును. తెగిన కొనను పిల్లలు కంటిదగ్గఱ పెట్టుకొని చూడకుండ కాపాడవలయును. ఆ వెలుతురు కంటికి కనబడదు. కాని కంటికి హానిచేయగలదు.

పుస్తకమే సాక్షి

మా పేటకు తీగ నిచ్చినవారితో మేము పడిన పాటు చెప్పుదుము. ప్రతిరాత్రియు ఎనిమిది మొదలు పదివఱకు పింగు చెడుచుండెను. ఫోను చేసినప్పుడెల్ల "ప్లాను పెంచుకోండి" అను జవాబే. ఇంటికి వచ్చిన పనివాడు "సార్ లేరా?" అని యడుగునేగాని మా మాట వినిపించుకొనడు. మావారు బడినుండి వచ్చునప్పటికి అతడు పోవును. ఒకనాడు పది దినముల లెక్కను అతని ముందుంచితిమి. తీగతో కొలిచినను, ఇంటిలో నొక్క ఫోనును వాడకున్నను, తెల్లవాఱుజామున బాగుండి రాత్రి చెడుచున్నదని అందు స్పష్టముగా నుండెను. అతడు కొంతసేపు చదివి, ఏమియు ననక, వీధిచివరి పెట్టె తెఱచి చూచి, పై యధికారికి ఫోను చేసెను. ఆ వారములోనే మా లైనును వేఱొక పెట్టెకు మార్చిరి. ప్లాను పాతదే, ఆట నిలుకడగా నడచుచున్నది. పిమ్మట అతడు మా పేటకు వచ్చినప్పుడు "అమ్మగారూ, పుస్తకం ఉందా?" అని మమ్మే యడుగుచున్నాడు.

ఆటయు జూదమును

తుదకు ఒక హెచ్చరిక. లైనును బాగుచేయుట అనగా పిల్లలను రేయింబవళ్లు ఆటకు విడుచుట కాదు. ఏ పిల్లవాడు ఎన్నిగంటలు, ఏ యాటలు ఆడవచ్చునో తలిదండ్రులు నిర్ణయించు నేర్పాటు ప్లేస్టేషను, ఎక్స్‌బాక్సు రెంటియందును గలదు. దానిని పెద్దలే తమ రహస్యపదముతో పెట్టుకొనవలయును.

ఆటకును జూదమునకును గల భేదమును మఱవరాదు. ధర్మరాజు, నలుడు కోల్పోయిన రాజ్యములు డబ్బు పందెమున కోల్పోయినవే. మన రాష్ట్ర ప్రభుత్వము 1974 నాటి జూదపు చట్టమును 2020లో సవరించి, డబ్బొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను నిషేధించెను. 2025 ఆగష్టులో పార్లమెంటువారు చేసిన చట్టము దేశమంతటను అట్టి యాటలను నిషేధించి, నేర్పుతో పోటీపడు ఈ-స్పోర్ట్సును వానినుండి వేఱుచేసినది. పిల్లవాడు ఆడునది ఏ తెగకు చెందినదో తల్లి యెఱిగియుండవలయును. ఆట నెఱిగిన తల్లి మాటను పిల్లలు గౌరవింతురు. ఏమియు నెఱుగక "ఆపు" మన్నచో ఎదురాడుదురు.

వచ్చు నెల బిల్లు చేతికందిన పిదప, పెద్ద ప్లానునకు మారుటకు ముందు, వారము దినములు కొలిచి చూడుడు. ఒక లాను కేబులు, బీరువా వెనుకనుండి రౌటరును కదలించుట, ఫోనుల పనిని రాత్రికి మార్చుట – ఈ మూడు పనులతో సరిపడినచో ఆ మిగిలిన డబ్బు మీది. సరిపడకున్నను, ఎవరిని ఏమి యడుగవలయునో తెలిసి యడుగగలరు. మన యాడపిల్లలకును ఈ కొలత నేర్పుడు. వారు రేపు ఏ యింట దీపము పెట్టినను, ఆ యింటి తీగ సంగతి ఇతరులు చెప్పగా వినవలసిన యవసరము వారికి కలుగదు.